ఐదో చక్రం

నాలుగు చక్రాల పికప్ తెచ్చి
ఐదోది అతకమన్నాడు లోకనాథ పాత్రో.
స్టెప్నీ కాదు.
బండి వీపు మీద బిగించే ఇనుప పళ్లెం,
నేల తాకని, దుమ్ము తినని చక్రం.
ట్రాలీ మెడ వచ్చి అందులో కూర్చుంటుంది
అలిగిన పెళ్లికొడుకు పీట మీద కూర్చున్నట్టు,
ఇక లేవమన్నా లేవదు.

ట్రాలీ నిండా
పార్వతీపురంలో మూతబడ్డ ఎగ్జిబిషన్ తాలూకు జెయింట్ వీలు:
పన్నెండు తొట్లు, విప్పిన కమ్మీలు, తాటిమొద్దంత ఇరుసు,
ఎవరో పిల్ల వదిలేసిన ఒంటి చెప్పు.
పుట్టాసింగి సంతకి ఎక్కించాలట, ఘాటీ మీదుగా.

"లాగుతాదా మావా?"

గుణుపురంలో ఈ మాట ఒడియాలో అడుగుతారు,
తెలుగులో అడుగుతారు,
సవర కుర్రాళ్లు కళ్లెగరేసి అడుగుతారు.
లాగుతాది. ఎందుకు లాగదు?
చీమ బెల్లం అచ్చుని లాగదూ?
ముందున్న ఆ 'ల' ఒక్కటీ తీసేసి అడుగు పాత్రో,
ఆగుతాదా అని.

రైసుమిల్లు కాటా మీదికి తోలించాను.
బండి మోసేది పదిహేడు వందల కిలోలు.
చీటీలో ట్రాలీ నాలుగువేల ఆరువందల ఎనభై.
అందులో మెడ ఒక్కటే తొమ్మిది వందల పైచిలుకు.
ఎప్పుడూ నవ్వుతుండే కమాను పట్టీలు
మూతి తిన్నగా పెట్టేశాయి.
పొద్దుగూకాక లైట్లు వేస్తే
రోడ్డు కనబడలేదు,
చింతచెట్టు చిటారున నిద్రపోతున్న కొంగలు కనబడ్డాయి.

పళ్లెం ఇంకా అతకలేదు, నాలుగు బోల్టుల మీద నిలబెట్టి
వంశధార రేవు దిగుడులో బ్రేకు కొట్టించాను.
బండి ఆగింది.
బరువుకి ఆ కబురు అందలేదు.
తోక పక్కకి విసిరి, ఒకటిన్నర బారు ఈడ్చుకుని,
ఇసకలో ముక్కు గుచ్చి అప్పుడు నిలబడింది.
నా హెల్పరు ఈశ్వర్ సబర
రాయి పట్టుకుని చక్రం వెనక పరిగెత్తిన వాడు
ఆ రాయి ఇంకా దించలేదు.

"నీ చేతిలో ఉన్నది వెల్డింగు రాడ్డా, పంచాంగమా?"
అన్నాడు పాత్రో. "అతకమంటే అతకవేం?"

ఏడేళ్ల కిందట అతికాను.
సింహాద్రి బెహరా బండికి, బోరు కంప్రెసరు కొక్కెం.
అప్పుడూ లాగుతాదా అనే అడిగారు, లాగుతాదనే చెప్పాను.
మూడో మలుపు దగ్గర కంప్రెసరు ముందుకి తోసింది.
క్రేనుతో పైకి తీసినప్పుడు చూశాను,
నా అతుకు ఊడలేదు.
చేపపొలుసులా ఒక్క గీత చెదరలేదు.
"గట్టి పనివాడివి" అన్నాడు ఇన్‌స్పెక్టరు, భుజం తట్టి.
ఊడుంటే
లోయలోకి కంప్రెసరు ఒక్కటే పోయేది.

ఇదంతా పాత్రోకి చెప్పలేదు.
రాడ్డు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను, అంతే.
టిక్కెట్లు అమ్మే అతని పెళ్లాం సుకాంతి
లోపలున్న తొట్టి అంచు మీద కూర్చుని
పల్లీలు ఒలుచుకుంటూ అంది:
"చక్రాన్ని చక్రంలా మొయ్యమని ఎవరన్నారు?
ముక్కలు ముక్కలే కదా, ముక్కలుగానే పోనీ."

నాలుగు ట్రిప్పులు. డీజిలు నాలుగింతలు.
ప్రతి ట్రిప్పుకీ పాత్రో నన్ను తిట్టి బయల్దేరాడు,
ఇరుసుని బియ్యం లారీవాడికి అప్పగించినప్పుడు మరీను.

పుట్టాసింగిలో వీలు తిరుగుతోందట.
పదకొండు తొట్లే.
పన్నెండో చోట ఇసక బస్తా కట్టారట, తూకం కోసం.
పిల్లలు ఆ బస్తాకి పేరు కూడా పెట్టారట.

పన్నెండోది నా షెడ్డులోనే ఉంది,
ఎర్ర రంగు వేసినది, గొలుసు తలుపుతో.
అందులో మా పెట్ట పొదుగుతోంది.
నిన్న ఫోను చేశాడు, తీసుకుపోతానని.
ఇంకో తొమ్మిది రోజులు
ఆగమన్నాను.